చీల మీద వేలు

మేస్త్రీ వీరభద్రం స్టూలు మీద పంతొమ్మిదేళ్లలో వేరేవాళ్లెవరూ కూర్చోలేదు. ఇనుప పనులు చేసే ఆ షెడ్డుకు ఇప్పుడు స్టాన్లీ యజమాని, అంతకుముందు వాళ్ల నాన్న బతికున్న రోజుల్లో ఆయన. ఆయన కూడా పక్కన నిలబడి మాట్లాడేవాడే గానీ ఆ స్టూలు మాత్రం లాక్కునేవాడు కాదు. అలాంటిది మంగళవారం పొద్దున మేస్త్రీ తన చేత్తో దాని మీది ఇనుప పొట్టు దులిపి, భుజం మీది తువ్వాలు తీసి పరిచి, "కూర్చోమ్మా" అన్నాడు.

కూర్చున్నది అక్షర. ఇరవై నాలుగేళ్ల పిల్ల. బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో కలుపు తీసే యంత్రాలు చేసే ఒక చిన్న కంపెనీలో ఇంజనీరు. వర్తూరులోని ఈ షెడ్డుకు రావడం మొదలుపెట్టి ఎనిమిది రోజులైంది.

డ్రిల్లింగ్ యంత్రం దగ్గర నిలబడి మార్త ఇదంతా చూసింది. చేతిలో పని ఆగలేదు. ఆమె పని చూసేవాళ్లకు సుళువుగానే కనబడుతుంది. యంత్రం బల్ల మీద ఇనుప ముక్కలతో తనే అతికించుకున్న ఒక చిన్న గూడు. క్లాంపు పట్టీని గూట్లో పెట్టడం, పక్క సందులో కొసన సన్నంగా ఉన్న ఇనుప చీల దూర్చడం, చెక్కసుత్తితో దాని తల మీద ఒక్క దెబ్బ. అంతే, పట్టీ కదలదు. ట్యాపు గిర్రున దిగుతూ రంధ్రంలో బోల్టు ఎక్కే మరలు కోస్తుంది, వెనక్కి తిప్పితే పైకి వస్తుంది. వెనక్కి తిప్పేటప్పుడు ఎడమచేతి బొటనవేలు వెళ్లి చీల తల మీద కూర్చుంటుంది. చీకట్లో కూడా కాలికి గడప తెలిసినట్టు, ఆ వేలికి ఆ చోటు తెలుసు.

ఆ పట్టీలన్నీ కలుపు యంత్రాలకే. మనిషి వెనక నడుస్తూ పట్టుకుని పోయే చిన్న ఇంజను బండి అది. దాని వెనక అడ్డంగా ఒక చదరపు కడ్డీ, కడ్డీకి మూడు బ్లేడ్లు. బ్లేడును కడ్డీకి పట్టి ఉంచేది క్లాంపు. ఒక్కో క్లాంపుకు నాలుగు బోల్టులు, నాలుగు మరలు. రాగికి సాళ్లు దగ్గర, బీన్స్‌కు దూరం. పంట మారినప్పుడల్లా బ్లేడ్లు జరపాలంటే మట్టీ తుప్పూ పట్టిన పన్నెండు బోల్టులు విప్పాలి. రెండు స్పానర్లు పట్టుకుని ఒక మగమనిషి వచ్చేదాకా ఆడకూలీలు గట్టు మీద కూర్చోవాలి. కంపెనీకి దీనికంటే మెరుగైన క్లాంపు కావాలట, శనివారం నాటికి. వర్తూరు అవతల చేలో పదిమంది రైతుల ముందు నడిపి చూపించాలట.

మేస్త్రీ బల్ల మీద రేకు పరిచి సుద్దముక్కతో క్లాంపు బొమ్మ గీశాడు. అసలు వస్తువు ఎంతో బొమ్మా అంతే. గీసి, వెనక్కి జరిగి, సుద్ద ఆ పిల్ల చేతికిచ్చాడు.

"నీకేమనిపిస్తాదమ్మా?"

మార్త లెక్క పెట్టింది. టీలోపు ఆ మాట మూడుసార్లు, టీ తర్వాత రెండుసార్లు. ఇన్నేళ్లలో తనను ఎన్నిసార్లు అడిగాడో కూడా లెక్క పెట్టింది. ఆ లెక్కకు వేళ్లు అక్కర్లేకపోయాయి.

అలాగని మేస్త్రీ చెడ్డవాడు కాడు. ఆమె భర్త చనిపోయిన ఏడాది, ఈ చేతికి యంత్రం పట్టుకోవడం నేర్పింది ఆయనే. హిందూపురం మనిషి, మాటలో కరుకు లేదు. అయితే నేర్పడం వేరు, అడగడం వేరు.

మధ్యాహ్నం అన్నాలకు కూర్చున్నారు. మార్త డబ్బాలో రాగిముద్ద, బస్సారు పులుసు, ఒక పక్కన మామిడికాయ ఊరగాయ. ఊరగాయలో సగం మేస్త్రీది. అది ఈనాటి ఏర్పాటు కాదు. ఏ ఏడు కాయ పులుపు తక్కువైందో, ఏ ఏడు ఉప్పు ఎక్కువైందో కూడా ఆయనకు గుర్తే. ఆ రోజు ఆయన తన సగాన్ని తీసి అక్షర ముందున్న పీజీ హాస్టలు అన్నంలో వేశాడు.

"ఇది తినుమ్మా. మా మార్తమ్మ చేతి ఊరగాయ. ఆ చప్పిడి కూడు ఎట్ల తింటావు?"

అక్షర కళ్లలో నీళ్లు తిరిగాయి, కారానికి. "అబ్బ! సూపర్‌గా ఉంది ఆంటీ. మా అమ్మమ్మ కూడా ఇలా పెట్టదు."

"మీ అమ్మమ్మతో అనొద్దు తల్లీ, బేజారైతాది" అని మేస్త్రీ నవ్వాడు. ఆయన నవ్వితే పైపళ్ల సందు కనబడుతుంది. ఆ సందు మార్త చూసి ఎన్నాళ్లయిందో.

మార్త నవ్వలేదు. ముద్ద విరిచి పులుసులో ముంచింది.

మర్నాడు ఆమె డబ్బాలో ఊరగాయ లేదు.

"ఏం మార్తమ్మా, ఊరగాయ యాడ?"

"అయిపాయ."

ఇంట్లో జాడీ సగం పైనే ఉంది.

*

బుధవారం మూడు గంటలకు కొత్త క్లాంపు తయారైంది. కడ్డీకి తొడిగే ఒక ఇనుప గూడు. గూట్లోంచి బ్లేడు కాడ దిగుతుంది. కాడ పక్కన సందు, సందులో చీల. ఒక పక్కనుంచి రాయితో కొడితే బిగుస్తుంది, అవతలి పక్కనుంచి కొడితే వదులవుతుంది. బోల్టు లేదు, స్పానర్ లేదు, మర లేదు.

కడ్డీని షెడ్డు స్తంభానికి కట్టారు. బ్లేడుకు గొలుసు వేసి, చైన్ పుల్లీతో మేస్త్రీ లాగడం మొదలుపెట్టాడు. నేల బ్లేడును ఏ వైపుకు లాగుతుందో ఆ వైపుకే. ఎంత లాగితే చీల అంత బిగిసింది. గొలుసు కిర్రుమంది, స్తంభం మీద సున్నం రాలింది, క్లాంపు మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు.

"అరె, సూపర్ అప్పా!" స్టాన్లీ చప్పట్లు కొట్టాడు. నలభై దాటినా వాళ్ల నాన్న కుర్చీలో ఇంకా కుర్రవాడిలాగే కూర్చుంటాడు. "ఇది పాసయిందంటే మరలు కోసే పనే ఉండదు. ఆ ట్యాపింగ్ చోట్లో ఇంకో వెల్డింగ్ సెట్టు పెట్టుకోవచ్చు." అని, అప్పుడు గుర్తొచ్చినట్టు మార్త వైపు తిరిగాడు. "నువ్వేం అనుకోవద్దక్కా. ప్యాకింగ్ పని ఉండనే ఉండాది."

మార్త చేతిగుడ్డ తీసి, శుభ్రంగానే ఉన్న యంత్రాన్ని తుడవసాగింది.

అక్షర తన బొమ్మ కాగితాన్ని గోడకు టేపు వేసి అంటించింది. అందరూ వెళ్లాక మార్త దాని ముందు నిలబడింది. అంకెలు తెలుసు. బైబిలు తెలుగులో కూడబలుక్కుంటుంది, బస్సు బోర్డు కన్నడంలో గుర్తుపడుతుంది, ఇంగ్లీషు మాత్రం రాదు. కింద మూల ఒక గడి, గడిలో కొన్ని పెద్ద అక్షరాలు. అది ఆ పిల్ల పేరే అయ్యుంటుంది. బొమ్మను చూడటానికి చదువెందుకు? గూడు, సందు, చీల. మార్త వెనక్కి తిరిగి తన యంత్రం బల్ల వైపు చూసింది. గూడు, సందు, చీల.

నాదే!

మొదటి రోజు ఆ పిల్ల ఫోను పట్టుకుని వచ్చింది. "ఆంటీ, ఒక చిన్న వీడియో తీసుకోనా?" అంటే తను కొంగు సర్దుకుని, చెంపల మీది వెంట్రుకలు వెనక్కి దువ్వుకుంది. తీరా చూస్తే ముఖం రాలేదు, చేతులే వచ్చాయి. చీల దిగింది, ట్యాపు దిగింది, అక్కడికి వీడియో అయిపోయింది. అందుకా తీసుకుంది!

ఒళ్లు మండిపోతుండగా మార్త ఒక పాత పట్టీని గూట్లో పెట్టి చీల బిగించింది. ట్యాపు దించింది. వెనక్కి తిప్పింది. ఆ మంటలో బొటనవేలు తన చోటుకు పోవడం మరిచిపోయింది. చీల టక్కున ఎగిరి చెప్పు పక్కన పడింది.

వంగి తీసింది. మళ్లీ బిగించి, ఈసారి కావాలనే వేలు దూరంగా పెట్టుకుని చూసింది. మళ్లీ ఊడింది.

ముందుకు పోయేటప్పుడు చీల తనంతట తనే బిగుసుకుంటుంది. వెనక్కి వచ్చేటప్పుడు దానికి ఒక వేలు కావాలి. ఆ పిల్ల చీలను తీసుకుపోయింది గానీ వేలు ఇక్కడే ఉండిపోయింది. మేస్త్రీ కూడా ముందుకే లాగాడు, వెనక్కి తోసి చూడలేదు. చేను చివర గట్టు తగిలి బండి వెనక్కి వస్తే?

మేస్త్రీ ఇంకా గేటు దగ్గరే ఉన్నాడు, బీడీ వెలిగించుకుంటూ. కేకేస్తే పలికేంత దూరం. మార్త నోరు తెరిచి, మూసుకుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని తనకు తనే చెప్పుకుంది. అసలు సంగతి అది కాదని ఆమెకు తెలుసు. దొంగిలించిన పిల్లకు సగమే దొరికిందన్న మాట నాలుక కింద బెల్లంముక్కలా ఉంది. దాన్ని అప్పుడే మింగేయాలనిపించలేదు.

*

బేస్తవారం మేస్త్రీ బళేపేట బజారుకు బయల్దేరాడు, చీలలకు మంచి గట్టి ఇనుము చూడ్డానికి. బళేపేట అంటే మార్తే వెంట వెళ్లాలి. గాజుల అంగళ్ల వెనక ఇనుప సామాన్ల సందులో ఏ షాపువాడి ట్యాపు నాలుగు రోజులకు విరుగుతుందో, ఎవడిది నాలుగు నెలలు వస్తుందో గోటితో గీకి చెప్పేది ఆమె. పని అయ్యాక మూలమీది హోటల్లో ఒక కాఫీని ఇద్దరూ సగంసగం చేసుకుని తాగడం మామూలు. ఆ రోజు బస్సెక్కింది అక్షర.

వాళ్లు వెళ్లాక మార్త నలభై పట్టీలకు మరలు కోసింది. మామూలుగా అంతసేపట్లో పాతికే అవుతాయి.

కాఫీ సగం చేసుకున్నారో, చెరొకటి తాగారో అన్న ఆలోచన ఆమెను పనంతసేపూ దోమలా కుట్టింది.

మూడు దాటాక తిరిగొచ్చారు. అక్షర నేరుగా యంత్రం దగ్గరకు వచ్చి చిన్న కాగితం పొట్లం ఇచ్చింది. విప్పితే తోలుతో కుట్టిన బొటనవేలి తొడుగు.

"మీ వేలు చూశాను ఆంటీ. గోరు చీలిపోయి, చర్మం కాయకట్టేసింది కదా. బ్యాగులు కుట్టేవాళ్లు వాడతారట. ఇది వేసుకుంటే నొప్పుండదు."

వేలు చూసిందట! మార్త ఆ పిల్ల ముఖంలోకి చూసింది. ఎగతాళి లేదు. కల్మషమే లేదు, అదే ఇంకా కష్టంగా ఉంది. పుండు కనబడిందే గానీ ఆ వేలు చేసే పని కనబడలేదు.

"మాకెందుకమ్మా ఇట్లాంటివి, సుమ్మనే డబ్బు దండగ" అని సొరుగులో పడేసింది.

"కాఫీ తాగితిరా?" అని మేస్త్రీని అడిగింది, యంత్రం వైపు తిరిగే.

"యాడమ్మా! ఆ పిల్ల కాఫీ తాగదంట. ఒక్కణ్ణే తాగలేక వచ్చేస్తి."

కాస్త చల్లబడినట్టే అయింది. పూర్తిగా మాత్రం కాదు.

శుక్రవారం తొమ్మిది క్లాంపులు పూర్తయ్యాయి. అక్షర ఒక్కొక్కదాన్నీ గుడ్డతో తుడిచి పెట్టెలో సర్దుతూ, "రేపు మీరు కూడా రావాలి ఆంటీ" అంది.

"మరలు లేని పనికి నేనెందుకు?"

"అదేంటి? మీరు లేకపోతే ఎలా?"

ఆ మాటకు మార్త చెయ్యి ఆగింది. ఆ పిల్ల కళ్ల కింద నల్లగా ఉంది, నిద్ర లేనట్టుంది. చెప్పాలంటే ఇదే అదను. 'వెనక్కి ఒకసారి తోసి చూడమ్మా' అంటే చాలు, నాలుగే మాటలు. అంతలో ఆ పిల్ల ఫోను మోగింది. "హలో సార్, ఎస్ సార్, పక్కా హోల్డ్ అవుతుంది సార్" అంటూ గేటు బయటికి నడిచింది.

పక్కా అట! సరే, రేపు చూద్దాం.

చూడాలనే ఉంది మార్తకు. పదిమంది ముందు ఆ చీల మట్టిలో పడితే, మేస్త్రీ ముఖం ఎలా ఉంటుందో చూడాలని ఉంది. అప్పుడు తను వెళ్లి ఒక్క మాటా అనకుండా చీల తీసి ఇస్తుంది. ఆ కోరిక ఎంత పెద్దదంటే, శనివారం పొద్దున పెళ్లికి వెళ్లేటప్పుడు కట్టే నీలం చీర కట్టుకుని బయల్దేరింది.

*

ఆ రాగి చేనుకు మూడు పక్కలా అపార్టుమెంట్లు లేచాయి, నాలుగో పక్క చెరువు అంచున ముళ్లకంప. చేను చివర అపార్టుమెంటు గోడ నిట్టనిలువుగా ఉంది. బండి తిప్పుకునే జాగా లేదు.

బండి పట్టుకోవడానికి వచ్చింది మల్లమ్మ. నారాయణపేట దిక్కు నుంచి కూలికి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన మనిషి. చీర మోకాళ్ల పైకి దోపుకుంది. కాళ్లకు చెప్పుల్లేవు, కాలివేళ్లకు వెండి మట్టెలున్నాయి.

"గిది నాతోని అయితదా బిడ్డా? నేనెన్నడు ఇంజన్ పట్టలే."

"మీరే చేయాలి మల్లమ్మ గారూ. ముందు ఆ రాయి తీసుకుని దీని తల మీద ఒక్కటి కొట్టండి."

మల్లమ్మ కొట్టింది. బ్లేడు పట్టుకుని ఊపింది. కదల్లేదు.

"గంతేనా? పానా లేదా?"

"లేదు."

"ఇగ మా ఆయన కోసం గట్టు మీద కూసునుడు లేదన్నట్టు!" మల్లమ్మ పెద్దగా నవ్వింది. "ఆయన పానాల సంచి దొరికేటాళ్లకే సగం పొద్దు పోతది, మిగిలిన సగం ఆయననే దొరకడు." రైతులూ నవ్వారు.

నవ్వులు తగ్గాక అక్షర బొమ్మ కాగితం విప్పి అందరికీ కనబడేలా పట్టుకుంది. "ఒక మాట చెప్పాలండీ. ఈ క్లాంపు ఐడియా నాది కాదు. మా షెడ్డులో మార్త ఆంటీ ఇరవై ఏళ్లుగా ఇలా చీలతోనే పట్టీ బిగిస్తున్నారు. నేను చూసి గీశానంతే. ఇదిగో, పేరు కూడా ఆంటీదే పెట్టాం." వేలు కింది గడి మీద పెట్టింది. "మార్త క్లాంపు."

మార్తకు చెవులు గుయ్యిమన్నాయి. నాలుగు రోజులుగా తను కళ్లలో నిప్పులు పోసుకుని చూసిన ఆ గడిలో ఉన్నది తన పేరా?

"నాతో ఎవురూ చెప్పలేదే" అంది.

స్టాన్లీ మేస్త్రీ వైపు చూశాడు. "మేస్త్రీ చెప్పినాడనుకుంటి నేను."

"నువ్వు చెప్పినావనుకుంటి అప్పా" అన్నాడు మేస్త్రీ.

"మీకు తెలుసనే అనుకున్నాను ఆంటీ!" అంటోంది అక్షర. ఆ మాట పూర్తిగా వినబడలేదు, ఇంజను అందుకుంది.

మల్లమ్మ సాలులోకి దిగింది. బ్లేడ్లు ఎర్రమట్టిలో దిగబడి కలుపును వేళ్లతో సహా కోసుకుంటూ పోతున్నాయి. రాగి మొక్కకు తగలడం లేదు. రైతులు వంగి మట్టి చేతిలోకి తీసుకుని చూస్తున్నారు. మార్త గట్టు మీద బండితో సమంగా నడిచింది. చీర కుచ్చెళ్లు మట్టిలో ఈడుస్తున్నాయి. చీల గట్టిగానే ఉంది. ముందుకు పోయినంతసేపూ గట్టిగానే ఉంటుంది. ఆ చీల వెనకే, జానెడు దూరంలో మల్లమ్మ కాళ్లు. ఒక మట్టె మెరుస్తోంది, మట్టిలోకి పోతోంది, మళ్లీ మెరుస్తోంది.

బుధవారం నుంచి మార్త మనసులో చీల ఎన్నోసార్లు ఊడింది. ఊడిన ప్రతిసారీ అక్కడ మేస్త్రీ ముఖం ఉంది, ఆ పిల్ల ముఖం ఉంది. మల్లమ్మ కాలు ఎప్పుడూ లేదు.

సాలు సగమైంది. చెప్పు, మార్తా. చెబితే, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటారు. ఏమని చెబుతావు? మూడొంతులైంది. గోడ దగ్గరకొచ్చింది. మల్లమ్మ బండి ఆపి, నేర్పినట్టే వెనక్కి వచ్చే లివరు మీద చెయ్యి వేసింది. పిడి పైకెత్తలేదు. బ్లేడ్లు మట్టిలోనే ఉన్నాయి.

"ఆపు! మల్లమ్మా, ఆపు!"

ఇంజను హోరులో ఎవరికీ వినబడలేదు. బండి అడుగు వెనక్కి జరిగింది. మార్త రాగి మొక్కలు తొక్కుకుంటూ చేలోకి దూకి, పిడి దగ్గరున్న ఎర్ర బొత్తాన్ని అరచేత్తో గుద్దింది.

ఇంజను ఆగిపోయింది. చెరువు కంపలో పిట్టల అరుపు వినబడింది.

అందరూ పరుగెత్తుకొచ్చారు. "ఏమైంది? ఎందుకాపారు ఆంటీ?" అక్షర ముఖం పాలిపోయింది.

మార్త మోకాళ్ల మీద కూర్చుని నడిమి బ్లేడు చీలను చూపుడువేలితో ముట్టుకుంది. బాగా వదులైన పాలపన్నులా అది మట్టిలో రాలింది. బ్లేడు కాడ గూట్లోంచి జారి పక్కకు వాలింది. దాని అంచు మల్లమ్మ మట్టెకు బెత్తెడు దూరంలో ఆగింది.

మల్లమ్మ మెల్లగా కాలు వెనక్కి తీసుకుంది. నవ్వలేదు ఈసారి.

"కానీ వెనక్కి వచ్చేటప్పుడు పిడి పైకెత్తుతారు కదా..." అక్షర గొణిగింది.

"ఎత్తుడా?" అంది మల్లమ్మ. "పొద్దుగాల సంది నూరుమాట్ల ఎత్తాలంటే నడుములు ఉండొద్దా బిడ్డా?"

మార్త చీలను చీరకే తుడిచి మళ్లీ బిగించింది. ఎడమచేతి బొటనవేలు దాని తల మీద ఆనించింది. "మేస్త్రీ, బండి వెనక్కి లాగు. ఇంజను వద్దు, చేత్తో లాగు." లాగాడు. బ్లేడు మట్టికి తన్నుకుంది, చీల మాత్రం కదల్లేదు. వేలు తీసింది. "ఇప్పుడు లాగు." చీల పైకి లేచి రాలింది.

"నేను మర కోసి ట్యాపు వెనక్కి తిప్పేటప్పుడు ఈ వేలు ఈడ ఉంటాది. నువ్వు చీల చూసినావు తల్లీ, వేలు చూడలేదు. నీ వీడియో అంతకుముందరే అయిపోయె."

అక్షర మట్టిలోనే పక్కన కూర్చుంది. "నేను అడగాల్సింది ఆంటీ. పేరు రాశాను గానీ ఒక్కసారి కూడా మిమ్మల్ని అడగలేదు."

అక్కడితో ఆగిపోయినా సరిపోయేది. తప్పంతా ఆ పిల్లే ఎత్తుకుంది, ఇక ఎవరూ మార్తను ఏమీ అనరు. మార్త చేతిలోని చీలను అటూ ఇటూ తిప్పింది.

"నాకు బుధవారమే తెలుసు" అంది.

అక్షర తలెత్తి ఆమె వైపు చూసింది.

"ఊడతాదని బుధవారమే తెలుసు. చెప్పలేదు. ఓర్వలేకపోతి." మల్లమ్మ వైపు చూడబోయి ఆమె కాళ్ల దగ్గరే ఆగిపోయింది. "నీ కాలు పోయి ఉంటే నేనేం చేస్తుంటినో నాకే తెలీదు, అమ్మా."

మల్లమ్మ వంగి మట్టెకు అంటిన మట్టి తుడుచుకుంది. "పోలే గద" అంది చివరకు. ఆమె క్షమించిందో లేదో ఆ మాటలో తెలియలేదు. అయితే బండి పిడి మాత్రం మళ్లీ పట్టుకోలేదు, ఆ రోజుకు.

తిరిగి వచ్చేటప్పుడు టెంపోలో మేస్త్రీ ఒక్కసారే నోరు తెరిచాడు. "పంతొమ్మిదేండ్లు నా కండ్ల ముందరే ఉండాది ఆ వేలు. నేనూ చూడలేదు గదమ్మే."

*

సోమవారం పొద్దున మార్త వచ్చేసరికి స్టూలు మీద తువ్వాలు పరిచి ఉంది. మేస్త్రీ పక్కన నిలబడి ఉన్నాడు.

"కూర్చో మార్తమ్మా."

"ఎందుకప్పా, నిలబడే అలవాటు నాకు."

"కూర్చోమంటుండానా!"

కూర్చుంది, అంచు మీదే. స్టూలు అనుకున్నంత గొప్పగా ఏమీ లేదు, ఒక కాలు పొట్టిది. ఇన్నేళ్లూ దీని మీదనా ఈయన ఊగుతూ కూర్చున్నది! బల్ల మీద రేకు, రేకు మీద శనివారం ఓడిపోయిన క్లాంపు బొమ్మ. మేస్త్రీ సుద్దముక్క ఆమె చేతిలో పెట్టాడు.

"నీకేమనిపిస్తాది?"

ఇన్నాళ్లూ ఎదురుచూసిన మాట. మాటల్లో చెప్పడం ఆ చేతికి తెలియదు. ఎడమ బొటనవేలిని రేకు మీద, చీల తల దగ్గర ఆనించి, కుడిచేత్తో దాని చుట్టూ సుద్దతో గీసింది. వేలు తీస్తే, కాయకట్టిన చోట ఒక వంకరతో, బొటనవేలు అక్కడ నిలిచింది.

అక్షర ఆ బొమ్మ మీదికి వంగింది. "వంగే గట్టి రేకుతో ఇలాంటి నాలుక ఒకటి చేద్దాం. ఎప్పుడూ చీలను నొక్కిపెట్టే ఉంటుంది. బ్లేడు జరపాలంటే మల్లమ్మ గారు చేత్తో పక్కకు తిప్పుకోవచ్చు. గూటికి ఒక్క బోల్టుతో బిగిస్తే చాలు."

"ఒక బోల్టు అంటే ఒక మర" అన్నాడు మేస్త్రీ, ఎవరితోనో అన్నట్టు.

గల్లా దగ్గర నుంచి స్టాన్లీ గొంతు వినబడింది. "అట్లయితే వెల్డింగ్ సెట్టు ఇంకో చోట పెట్టుకుందాంలే."

నాలుగు మరలు పోయి ఒకటి మిగిలింది. మార్త అన్నాల సంచిని కాలితో కొంచెం లోపలికి జరుపుకుంది. ఈ రోజు అందులో ఊరగాయ ఉంది. ఎవరికి ఎంత వేయాలో ఇంకా తేల్చుకోలేదు.

అక్షర సుద్ద తీసుకుని, పక్కనే అదే బొటనవేలిని మళ్లీ గీసింది. ఒక్క ఊపులో, గాజుగ్లాసు అంచులా నున్నగా వచ్చింది గీత. మార్తకు మళ్లీ ఎక్కడో కలుక్కుమంది. పోదు, ఇది అంత తొందరగా పోయేది కాదు. కాకపోతే ఈసారి నోరు మూసుకోలేదు.

"ఆ వంకర యాడపాయె?"

"ఏ వంకర ఆంటీ?"

"నా వేలికి ఉండే వంకర. నువ్వు దాన్ని అందంగా చేసేసినావు. చీల వచ్చి ఆగేది ఆ వంకరలోనే."

అక్షర రెండు బొమ్మలనూ మార్చి మార్చి చూసింది. తను గీసిన నున్నటి గీతను అరచేత్తో తుడిచేసింది. సుద్ద పట్టుకుని, ఆ పక్కనే ఖాళీ చోటు చూపించింది.

"మళ్లీ ఒకసారి వేలు పెట్టండి, ఆంటీ."